కొండ పరుగుకు వాన పాంటు

వానాకాలంలో రెయిన్‌కోటు తొడుక్కుని సైకిలు మీద బడికి వచ్చేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. బడికి చేరి కోటు విప్పి చూసుకుంటే చొక్కా తడిసే ఉంటుంది. కోటుకు ఎక్కడా చిరుగు లేదు. మరి ఆ తడి ఎక్కడిది? వాన నీరు కాదు, మీ చెమటే. బయటి నీటిని లోపలికి రానివ్వని ప్లాస్టిక్కు, లోపలి నీటిని బయటికీ పోనివ్వలేదు. ఈ చిన్న చిక్కే కొన్నిచోట్ల మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ సంగతి ఈ నెల చెప్పుకుందాం.

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు ఇప్పుడు ఇంగ్లండులో ఉన్నత చదువు చదువుతున్నాడు. నిరుడు అక్కడ కొండల మీద పరుగెత్తేవాళ్ల సంఘంలో చేరి నాకు ఇలా రాశాడు: "మాస్టారూ! ఇక్కడ పందెంలో దిగాలంటే నడుముకు కట్టుకునే సంచిలో వాన పాంటు ఒకటి ఉండి తీరాలట. కొట్లో ముప్ఫై పౌండ్ల నుంచి రెండు వందల పౌండ్ల దాకా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ, దాని మీద ఏవో అంకెలు. ఏది కొనను? పీడనం పాఠం మీరే చెప్పారు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను."

నేను పుట్టి బుద్ధెరిగాక అలాంటి పాంటు తొడిగినవాణ్ణి కాను. కాని ఆ చీటీ మీది అంకెలు మాత్రం మన ఫిజిక్సు పుస్తకంలోవే. అందుకని కూర్చుని లెక్క వేశాను. ఎక్కడ పొరపాటు పడ్డానో కూడా మీకు చెబుతాను.

ఫెల్ అంటే...

ఇంగ్లండు ఉత్తర భాగంలో కొండను 'ఫెల్' అంటారు. వెయ్యేళ్ల క్రితం అక్కడికి వచ్చి స్థిరపడిన స్కాండినేవియా జనం తెచ్చిన మాట అది. ఆ కొండల మీద పరుగెత్తడమే ఫెల్ రన్నింగ్. బాట ఉండదు. గడ్డి, బురద, గులకరాళ్లు దొర్లే వాలు, ఊబినేల దాటుకుంటూ, చేతిలో పటం, దిక్సూచి పట్టుకుని శిఖరం నుంచి శిఖరానికి పోవాలి. 1932లో కెజిక్ అనే ఊళ్లో అతిథి గృహం నడిపే బాబ్ గ్రాహం 24 గంటల లోపల 42 శిఖరాలు చుట్టి వచ్చాడు. ఆయన తిరిగిన దారిలో ఈనాటికీ ఏటా ఎందరో పరుగెత్తుతూనే ఉన్నారు.

ఆ శిఖరాలు మనకు పెద్ద ఎత్తుగా తోచవు. ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే. అరకులోయ అంతకు కొంచెం తక్కువ ఎత్తులో ఉంది గదా, అక్కడ ఎవరూ చలికి చచ్చిపోరే అనవచ్చు మీరు. తేడా వానలోనూ గాలిలోనూ ఉంది. ఆ కొండల అడుగున సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అంటే మన కోస్తా జిల్లాల వానకు మూడింతలు. ఆ పక్కనే ఉన్న హానిస్టర్ కనుమలో 2015 డిసెంబరు 5తో ముగిసిన 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన కురిసింది. పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని మీరు భూగోళంలో చదివారు. లోయలో 10 డిగ్రీలుంటే శిఖరం మీద 4 డిగ్రీలు. దానికి తోడు మనిషిని పక్కకు తోసేసే గాలి.

అందుకే 1970లో ఏర్పడిన ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ పొడవాటి కొండ పందేలలో ఒంటిని పూర్తిగా కప్పే, నీరు చొరని దుస్తులు వెంట ఉండాలని నియమం పెట్టింది. టోపీ, చేతి తొడుగులు, పటం, దిక్సూచి, ఈల, కాస్త తిండి కూడా ఉండాలి. అవి లేనివాణ్ణి పందెంలోకి రానివ్వరు.

ఇది పెద్దవాళ్ల చాదస్తం అనుకోకండి. 2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. 172 మంది బయలుదేరారు. చాలామంది లాగులు, పలుచని బనీన్లతో ఉన్నారు. గాలిని ఆపే జాకెట్టు తప్పనిసరి వస్తువుల జాబితాలో లేదు. మధ్యాహ్నం వేళ కొండ మీద ఉన్నట్టుండి ఈదురుగాలి, వడగళ్లు, చల్లని వాన మొదలయ్యాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశంలో పేరుమోసిన పరుగు వీరులూ ఉన్నారు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తాను తలదాచుకున్న గుహలోకి చేర్చి మంట వేసి బతికించాడు.

ఒంటి వేడి జమా ఖర్చు

అంత బలమైనవాళ్లు, అదీ మే నెలలో, చలికి ఎలా చనిపోయారు? జమా ఖర్చు చూద్దాం.

మీరు కదలకుండా కూర్చుంటే మీ ఒళ్లు గంటకు సుమారు 75 కిలోకెలోరీల వేడి పుట్టిస్తుంది. కొండ ఎక్కుతూ పరుగెత్తేవాడు గంటకు సుమారు 700 కిలోకెలోరీలు ఖర్చు చేస్తాడు. అందులో మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. అందుకే ఫెల్ మీద పరుగెత్తేవాడు 5 డిగ్రీల చలిలో కూడా లాగుతో హాయిగా పోతాడు. అతడికది తెలివితక్కువ పని కాదు. తడిసిన గుడ్డ కంటే తడిసిన చర్మమే మేలు, ఎందుకంటే చర్మం మీద నిలిచే నీరు తక్కువ.

ఇప్పుడు ఆ మనిషి కాలు మడతపడి కూర్చుండిపోయాడనుకోండి. జమ ఒక్కసారిగా ఆరో వంతుకో ఏడో వంతుకో పడిపోయింది. ఖర్చు మాత్రం తగ్గలేదు. గాలి వీస్తూనే ఉంది, వాన కురుస్తూనే ఉంది. నీటి ఉష్ణవాహకత గాలి కంటే దాదాపు 24 రెట్లు ఎక్కువ. గుడ్డ పోగుల మధ్య గాలి ఉండవలసిన చోటల్లా నీరు చేరితే అది చలికి వేసిన వంతెనే. ఆపైన బాష్పీభవనం ఒకటి. చర్మం ఉష్ణోగ్రత దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. తడిసిన నూలు పాంటు 300 గ్రాముల నీరు పట్టుకుందనుకుందాం. గాలికి అదంతా ఆరాలంటే 300 × 580, అంటే 1,74,000 కెలోరీలు, 174 కిలోకెలోరీలు. అందులో ఎక్కువ భాగం ఆ కాళ్ల నుంచే పోవాలి. కూర్చున్న మనిషి ఒళ్లు రెండు గంటలకు పైగా సంపాదించే వేడి అది!

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 35కు దిగజారితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ముందు వణుకు వస్తుంది. వేళ్లు మాట వినవు, నాలుక తడబడుతుంది, దారి గుర్తుండదు. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్లు తేరుకున్నాడనుకుంటారు. నిజానికి అదే పెద్ద ప్రమాదం.

దీన్నిబట్టి మన కుర్రాడికి నేను రాసిన మొదటి మాట ఇది: వాన పాంటు పరుగెత్తడానికి కాదు, పరుగు ఆగిపోయినప్పటి కోసం. కొట్లో చూసేటప్పుడు 'దీంతో ఎంత వేగంగా పోగలను' అని కాదు, 'దీంతో ఒక బండ మీద గంటసేపు కూర్చోగలనా' అని అడుగు.

చీటీ మీది మొదటి అంకె

చీటీ మీద 10,000 మి.మీ. అనో 20,000 మి.మీ. అనో ఉంటుంది. అది నీటి స్తంభం ఎత్తు. గుడ్డను బిగించి దాని మీద నీటి పీడనం కొంచెం కొంచెంగా పెంచుతారు. మూడు చోట్ల నీటి బొట్లు కనిపించేసరికి ఎంత ఎత్తు నీటి పీడనం ఉందో అదే ఆ అంకె.

పది మీటర్ల నీటి స్తంభం చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము బరువు మోపుతుందని మీకు తెలుసు. ఇప్పుడు 60 కిలోల మనిషి తడి బండ మీద కూర్చున్నాడనుకోండి. ఆనిన వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్లయితే పీడనం 0.15 కిలోలు, అంటే ఒకటిన్నర మీటర్ల నీరు. పాంటుకు 1,500 మి.మీ. శక్తి ఉంటే అంచున సరిపోతుంది. అదే మనిషి లేచి, గాయపడ్డవాడి పక్కన రెండు మోకాళ్ల మీద కూర్చుంటే? ఒక్కో మోకాలు ఆనే చోటు 30 చదరపు సెంటీమీటర్లే. రెండూ కలిపి 60. పీడనం సరిగ్గా ఒక కిలో, పది మీటర్ల నీరు! 10,000 అనే అంకె గొప్పకు వేసింది కాదన్నమాట. కొట్టువాడు 1,500 మి.మీ. పాంటును కూడా నీరు చొరనిదనే అమ్ముతాడు. నిలబడ్డవాడికి అది నిజమే కూడా.

ప్లాస్టిక్కు తొడుగు అయితే 10,000 ఒక లెక్కా? కాదు. 1823లోనే గ్లాస్గో నగరంలో చార్లెస్ మాకింటాష్, తారు నుంచి వచ్చే నాఫ్తాలో రబ్బరును కరిగించి రెండు గుడ్డల మధ్య పూసి వాన కోటు తయారుచేశాడు. నీరు చొరలేదు. చెమట కూడా పోలేదు. మీ రెయిన్‌కోటు కథ రెండు వందల ఏళ్ల నాటిది.

రెండో అంకె

రెండో అంకె ఆవిరిది. చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. నీటిని ఆపి ఆవిరిని వదిలే గుడ్డ ఎలా సాధ్యమని మీరు అడగాలి. అడక్కపోతే సైన్సు చదువుతున్నట్టే కాదు.

1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఇంజనీరు టెఫ్లాన్ కడ్డీలను వేడి చేసి మెల్లగా సాగదీస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయి. విసిగిపోయి ఒకదాన్ని ఒక్కసారిగా గుంజాడు. అది తెగకుండా ఎన్నో రెట్లు సాగింది! సాగిన పదార్థం నిండా కంటికి కనబడని రంధ్రాలు. ఒక్కో రంధ్రం వెడల్పు సుమారు 0.0002 మిల్లీమీటర్లు. వాన చినుకు దానికంటే పదివేల రెట్లు పెద్దది. నీటి అణువు దానికంటే కొన్ని వందల రెట్లు చిన్నది. ఆవిరిలో అణువులు విడివిడిగా తిరుగుతాయి కనుక దూరిపోతాయి. చినుకులోని నీరు మాత్రం తలతన్యత వల్ల ముద్దగా ఉంటుంది. టెఫ్లాన్‌కు నీరు అంటదు. తామరాకు, చేమాకు మీద బొట్టు గుండ్రంగా దొర్లడం చూశారు గదా, అలాగే. అంటని గోడలున్న సన్నని రంధ్రంలోకి నీటిని దూర్చాలంటే బాగా ఒత్తాలి. రంధ్రం ఎంత సన్ననిదైతే అంత ఎక్కువ పీడనం కావాలి. ఈ పలుచని పొరను పాంటు గుడ్డకు లోపలివైపు అతికిస్తారు.

లెక్క చూద్దాం. చీటీ మీద 10,000 గ్రాములని ఉంది. పాంటు వైశాల్యం 0.7 చదరపు మీటర్లనుకుంటే రోజుకు 7,000 గ్రాములు, గంటకు సుమారు 290. కొండ ఎక్కేవాడికి గంటకు లీటరు చెమట పట్టి, అందులో మూడో వంతు కాళ్లదైతే 330 గ్రాములు. కాగితం మీద దాదాపు సరిపోయింది. కాని ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది కనుక ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చడం శుద్ధ దండగ. పైగా గుడ్డ పైభాగం తడిసి నీటి పొర కట్టిందంటే ఆవిరి దారి చాలావరకు మూసుకుపోతుంది. అలా కట్టకుండా గుడ్డ పైన నీరంటని పూత వేస్తారు. బురదకు, రాపిడికి, బట్టల పౌడరుకు ఆ పూత దెబ్బతింటుంది. బాగా జాడించి, గుడ్డ తట్టుకునేంత సన్నని వేడిలో ఆరబెడితే మళ్లీ కొంత పనిచేస్తుంది. ఈ పూతలలో చాలాకాలం వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీటిలో ఎంతకీ నశించవని తేలింది. 2025 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రం దుస్తులలో వాటిని చాలావరకు నిషేధించింది. ఇప్పుడు వేరే పూతలు వస్తున్నాయి. అవి అంత గట్టివి కావు, తరచు మళ్లీ వేసుకోవాలి.

ఇంకో సంగతి. ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి ఆవిరి పీడనం బయటికంటే ఎక్కువ ఉండాలి. చెమట పట్టిన చర్మం దగ్గర అది సుమారు 38 మిల్లీమీటర్ల పాదరసం. వానలో గాలి తేమతో నిండి ఉన్నా, 5 డిగ్రీల దగ్గర అది ఆరున్నర మిల్లీమీటర్లే. తేడా 31కి పైనే. మన వానాకాలంలో 28 డిగ్రీల దగ్గర నిండు తేమ గాలిలో అది 28 మిల్లీమీటర్లు. తేడా పదే. అంటే రెండు వందల పౌండ్ల ఆ గుడ్డ ఫెల్ మీద పనిచేసినదాంట్లో మూడో వంతు కూడా మన విజయవాడలో పనిచేయదు. మీ నాన్నగారిని అలాంటిది కొనిపెట్టమని వేధించకండి.

నేను మరిచిపోయింది

ఇంత లెక్క చేసి మన కుర్రాడికి సలహా రాశాను. 10,000 మి.మీ.కు తగ్గకుండా, ఆవిరి అంకె మధ్యస్థంగా, బరువు 200 గ్రాములు దాటకుండా చూడు. కుట్ల మీద లోపలివైపు పట్టీ అతికించి ఉండాలి. కాలి లోపలి కుట్టు 75 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు నాలుగు పోట్లు అనుకుంటే ఒక్క కుట్టుకే 300 రంధ్రాలు. పట్టీ లేకపోతే గుడ్డ ఎంత గొప్పదైనా జల్లెడే. ఫెల్ పందేల నియమంలో కూడా పట్టీ వేసిన కుట్లే ఉండాలని ఉంది. అతడు నేను చెప్పినట్టే కొన్నాడు.

నవంబరులో వాడి నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. పందెంలో ముందు పోతున్నవాడు తడి రాళ్ల మీద జారి చీలమండ బెణికించుకున్నాడు. సాయం పిలుచుకు రావడానికి ఒకరు కిందికి పరుగెత్తారు. మనవాడు గాయపడ్డవాడి దగ్గర ఉండిపోయాడు. ఇద్దరూ సంచుల్లోంచి పాంట్లు తీశారు. "మాస్టారూ, అతని పాంటుకు మోకాలి దాకా జిప్పు ఉంది. బురద బూట్లతోనే తొడిగేశాను. నాదానికి జిప్పు జానెడే. అడుగున ముళ్లున్న బూటు అందులో పట్టలేదు. బూట్లు విప్పుదామంటే తాడు ముడి బురదలో బిగిసిపోయింది, వేళ్లకు స్పర్శ లేదు. పళ్లతో లాగాను. పాంటు తొడిగేసరికి వణుకు పట్టుకుంది."

గంటంపావుకు సాయం వచ్చింది. ఇద్దరూ క్షేమంగా దిగారు.

వేళ్లు మాట వినవని పైన నేనే రాశాను చూడండి. ఆ వేళ్లతోనే పాంటు తొడగాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. అంకె వేయడానికి వీలున్నవన్నీ లెక్క వేశాను, జిప్పు పొడవుకు చీటీ లేదు కనుక వదిలేశాను. ఇప్పుడెవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే: కొట్టుకు పరుగు బూట్లు వేసుకునిపో. చేతులను కాసేపు ఐసు నీళ్లలో ముంచి, నిలబడి, బూట్లు విప్పకుండా తొడిగి చూడు. నిమిషంలో తొడగలేకపోతే అక్కడే పెట్టేసి రా. నడుముకు సాగే పట్టీ మేలు, ముడి వేసే తాడు వద్దు. మోకాలు ఎత్తితే పట్టకూడదు. అలాగని మరీ వదులైతే గాలికి కొట్టుకుని కాళ్లకు అడ్డం పడుతుంది. నీటి అంకె ఆ తరువాత చూడు. ఆవిరి అంకె చివర చూసినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ పాంటు అవసరమైన వేళకు చెమట పట్టడం ఎలాగూ ఆగిపోయి ఉంటుంది.

మీరు చేసి చూడండి

ఒకటి. ఒక చేతికి పాలిథిన్ సంచి తొడిగి మణికట్టు దగ్గర వదులుగా దారం కట్టండి (చేతికి మాత్రమే, తలకు ఎన్నడూ తొడగకూడదు). రెండో చేతికి నూలు సంచి కట్టండి. పది నిమిషాలు ఆటస్థలంలో పరుగెత్తి వచ్చి రెండు చేతులూ చూసుకోండి.

రెండు. తాపీమేస్త్రులు మట్టం చూడటానికి వాడే పారదర్శకపు గొట్టం రెండు మీటర్లు సంపాదించండి. ఒక కొనకు గొడుగు గుడ్డ ముక్కను బిగుతుగా దారంతో కట్టి, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని పై కొన నుంచి కొద్దికొద్దిగా నీరు పోయండి. మూడో బొట్టు కనబడగానే నీటి మట్టం ఎత్తు కొలవండి. మా ప్రయోగశాలలో కొత్త గొడుగు గుడ్డ మూరెడు నీటిని నిలిపింది, పాతది జానెడుకే చెమర్చింది. తరువాత అదే గుడ్డను బట్టల పౌడరుతో పదిసార్లు ఉతికి మళ్లీ కొలవండి. గొడుగు కుట్టు ఉన్న చోటు నుంచి తీసిన ముక్కను కూడా కట్టి చూడండి. మీకు వచ్చిన ఎత్తులు మిల్లీమీటర్లలో పట్టిక వేసి, ఒక్కొక్కటి చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల పీడనమో పక్కన రాయండి.